పాల్ న్యూమన్ వాచీకి కీ ఎవరిస్తారు?

ఈమధ్య మీరు రాస్తున్న ఉత్తరాల్లో సగం వాచీల గురించే. ఫలానా హీరోగారు ప్రీ రిలీజ్ ఫంక్షనుకి పెట్టుకొచ్చిన వాచీ ఎంత? రెండు కోట్లా, నాలుగు కోట్లా? ఆ డబ్బుతో మా ఊళ్ళో ఎన్నెకరాలొస్తుంది? ఇదీ వరస. ఫొటోలో మణికట్టు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి పంపినవాళ్ళు కూడా ఉన్నారు. హీరోగారి మొహం ఎవరూ చూడ్డం లేదు కాబోలు, పాపం!

ఖరీదులు చెప్పడం నావల్ల కాదు. కొట్టుకెళితే వాళ్ళే చెబుతారు, కాఫీ కూడా ఇస్తారు. నన్ను తొలిచే ప్రశ్న వేరే ఉంది. ఇలాంటి వాచీలు ఒకటి కాదు, పదీ పాతికా పోగేసుకున్నవాళ్ళున్నారు కదా? వాటిలో కీ ఇస్తేగాని నడవనివి ఉంటాయి. రోజూ పొద్దున్నే వాటన్నిటికీ కీ ఎవరిస్తారు? ఇవ్వకపోతే ఏమవుతుంది? అసలు ఇస్తే ఏమవుతుంది?

నవ్వకండి. ఈ ప్రశ్న మా ఇంట్లో ఒక పెద్దావిడని కంటతడి పెట్టించింది. ఆ సంగతికి వస్తాను. ముందు ఒక సినిమా కబురు చెప్పకపోతే ఎడిటరుగారు ఊరుకోరు.

పాల్ న్యూమన్ తెలుసుగా? 'ది స్టింగ్' (1973) చూసినవాళ్ళకి ఆ నీలికళ్ళు గుర్తుండే ఉంటాయి. కారు పందేల మీద 'విన్నింగ్' అనే సినిమాలో వేశాడు. 1969లో వచ్చింది. ఆ సినిమా పుణ్యమా అని ఆయనకి నిజంగానే పందేల పిచ్చి పట్టుకుంది. భార్య జోన్ వుడ్‌వర్డ్, ఆవిడా ఆస్కార్ అందుకున్న నటే, మొగుడి వేగం చూసి కంగారుపడి ఒక రోలెక్స్ డేటోనా వాచీ కొనిచ్చింది. వెనక మూతమీద 'జాగ్రత్తగా నడుపు - నేను' అని ఇంగ్లీషులో చెక్కించింది. ఏ ఊరి ఇల్లాలైనా అనే మాటే కదా!

ఆ రోజుల్లో డేటోనాలన్నీ కీ ఇచ్చేవే. తనంతట తాను చుట్టుకునే రకం 1988లోగాని రాలేదు. సరే, 1984లో ఏమయిందంటే, కూతురి స్నేహితుడొకడు, కాలేజీ కుర్రాడు, వాళ్ళ పెరట్లో చెట్టుమీద కట్టిన పాత బొమ్మరింటిని బాగుచేస్తున్నాడు. న్యూమన్ వచ్చి టైమెంతయిందని అడిగాడు. కుర్రాడి దగ్గర వాచీ లేదు. వెంటనే తన చేతిది విప్పి ఇచ్చేశాడు. రోజూ కీ ఇవ్వడం మాత్రం మరిచిపోకపోతే టైము బాగానే చూపిస్తుందని చెప్పాడట. అంతే. ఉపన్యాసం లేదు, సన్మానం లేదు.

కుర్రాడు దాన్ని ఏళ్ళ తరబడి మామూలు వాచీలాగే పెట్టుకు తిరిగాడు. అదే వాచీ 2017 అక్టోబరులో న్యూయార్కులో ఫిలిప్స్ వారి వేలంలో 1,77,52,500 డాలర్లు పలికింది. ఆనాటి మారకం లెక్కన సుమారు 115 కోట్ల రూపాయలు! అప్పటివరకు ఏ చేతివాచీ వేలంలో అంత తేలేదు. వచ్చినదాంట్లో కొంత న్యూమన్ కూతురి ధర్మసంస్థకి వెళ్ళింది. కొన్నదెవరో పేరు బయటపెట్టలేదు. ఇప్పుడది ఏ ఇనప్పెట్టెలో ఉందో, దానికి ఎవరైనా కీ ఇస్తున్నారో లేదో మరి.

'కీ' అంటున్నాను గాని, మీరు సెల్‌ఫోను తరం. కాస్త విప్పి చెప్పాలి. ఈ వాచీల్లో బ్యాటరీ ఉండదు. పక్కనున్న బుడిపె తిప్పితే లోపల చిన్న డబ్బాలో ఉండే స్ప్రింగు బిగుసుకుంటుంది. బిగుసుకున్నది విప్పుకోవాలని గింజుకుంటుంది. వదిలేస్తే ఒక్క విసురులో విప్పుకుపోయేదే. అలా పోనివ్వకుండా బుల్లి లంగరులాంటిదొకటి చక్రాన్ని పట్టుకుని ఒక్కొక్క పన్నే వదులుతుంది. ఆ వదిలినప్పుడల్లా వినపడేదే టిక్కు. ఎప్పుడు వదలాలో చెప్పేది అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం. పాతకాలపు మంచి వాచీల్లో ఎక్కువభాగం గంటకి 18,000 టిక్కులు కొడతాయి. రోజుకి 4,32,000. మన గుండె రోజంతా కొట్టుకున్నా లక్ష చిల్లర. ఒకసారి నిండా కీ ఇస్తే ఒకటిన్నర రోజో, మహా అయితే రెండు రోజులో నడుస్తుంది.

అన్నట్టు, ఎక్కడా తాళంచెవి లేకపోయినా మనం 'కీ ఇవ్వడం' అనే అంటాం గమనించారా? ఒకప్పుడు నిజంగానే చెవి ఉండేది. జేబుగడియారానికి వేరే చిన్న తాళంచెవి పెట్టి తిప్పేవారు. అది పారేసుకుంటే గడియారం మూగనోము పట్టేది. 1840లలో ఆద్రియెన్ ఫిలిప్ అనే ఫ్రెంచివాడు చెవితో పనిలేకుండా బుడిపెతోనే తిప్పే ఏర్పాటు చేశాడు. పటెక్ ఫిలిప్ అని వింటున్నారే, అందులో రెండో పేరు ఈయనదే. చెవి పోయింది, మన నోట్లో మాట మాత్రం మిగిలింది.

ఇక మా ఇంటి సంగతి.

మా మేనమామ విజయవాడ గాంధీనగర్‌లో ఒక ఫిలిం డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో మేనేజరు. ఆ వీధి వీధంతా డిస్ట్రిబ్యూటర్లే అయిన రోజులవి. ఆయనకున్న వ్యసనం ఒక్కటే, వాచీలు. సినిమా ఆడితే వాచీ కొనుక్కునేవాడు. ఆడకపోతే, ఉన్న వాచీలవంక చూసుకుని సరిపెట్టుకునేవాడు. 1964 నుంచి 1982 దాకా మొత్తం తొమ్మిది చేరాయి. ఒమేగాలు రెండు, లాంజీన్స్, టిస్సో, రోలెక్స్ ప్రెసిషన్, ఫేవర్ లూబా, ఒక జేబుగడియారం, ఆఫీసుకి పెట్టుకెళ్ళడానికి హెచ్.ఎం.టి. ఒకటి. వీటన్నిటికంటే ముందు వరసలో ఉండేది వెస్టెండ్. అది పెళ్ళిలో మామగారు పెట్టింది.

అన్నీ కీ ఇచ్చేవే. పొద్దున్న స్నానం, దేవుడి పటానికి దణ్ణం, కాఫీ, ఆ తరవాత వాచీలు. తువ్వాలు పరిచి తొమ్మిదీ వరసగా పేర్చేవాడు. ఒక్కోటీ ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, బుడిపె మెల్లిగా ముందుకీ వెనక్కీ తిప్పుతూ, బిగువు తగలగానే ఆపేసేవాడు. చేతికి ఉండగా కీ ఇస్తే మండిపడేవాడు. పక్కవాటుగా లాగితే లోపలి సన్నకడ్డీ వంగుతుందిరా అనేవాడు. ఆ మాట నిజమే. మా చిన్నప్పుడు చుట్టూ కూర్చుని సినిమా చూసినట్టు చూసేవాళ్ళం. ముట్టుకోవడానికి మాత్రం సెన్సారు!

2011లో మామయ్య పోయాడు. పిల్లలిద్దరూ అమెరికాలో. పదమూడో రోజు మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి అత్తయ్య తువ్వాలు పరుచుకుని కూర్చుంది. అన్నేళ్ళూ చూసింది కదా, అచ్చం ఆయనలాగే తిప్పుతోంది. ఒక్కరోజు మానలేదు. జ్వరమొచ్చినా మంచం మీదికి పెట్టె తెప్పించుకునేది. "ఇవి కొట్టుకుంటుంటే ఇంట్లో ఇంకో మనిషి తిరుగుతున్నట్టే ఉంటుందిరా" అనేది. పదకొండేళ్ళు!

మార్టిన్ స్కార్సెసీ తీసిన 'హ్యూగో' (2011) చూశారా? పారిస్ రైల్వేస్టేషన్లో ఒక అనాథ కుర్రాడు గోడల వెనక దాక్కుని స్టేషను గడియారాలన్నిటికీ కీ ఇస్తుంటాడు. కీ ఇవ్వాల్సిన తాగుబోతు పినతండ్రి ఎటో పోయాడు. గడియారాలు ఆగితే ఆ సంగతి బయటపడుతుంది, కుర్రాణ్ణి అనాథాశ్రమానికి పంపేస్తారు. ఆ సినిమా చూస్తున్నంతసేపూ నాకు అత్తయ్యే గుర్తొచ్చింది.

2022 వానాకాలంలో తొమ్మిదింట్లో ఒకటి ఆగిపోయింది. బుడిపె తిరగదు, ముల్లు కదలదు. అత్తయ్య గొంతు వణుకుతోంది ఫోన్లో. "ఎక్కువ తిప్పేశానేమోరా. చేతులు కుదురుగా లేవు ఈమధ్య" అంది. మొదట చూపించినచోట మూతయినా తియ్యకుండా "ఎక్కువ కీ ఇచ్చేశారండీ" అనేశాడు ఒకాయన. ఇది దేశమంతా ఉన్న మాట. ఇందులో పస లేదు. నిండిన స్ప్రింగు నిండినట్టే ఉంటుంది, దానివల్ల వాచీ ఆగదు. నిండా కీ ఉండీ నడవడం లేదంటే రోగం ఇంకోచోట ఉన్నట్టు. బిగువు తగిలాక కూడా మొండిగా తిప్పితే ఏదో విరుగుతుంది, అది వేరే కథ. అత్తయ్య అలాంటి మనిషి కాదు.

గవర్నరుపేటలో ఒక సందులో, గాజుపెట్టె వెనక కూర్చునే పెద్దాయన ఒకాయన దొరికాడు. కంటికి బుడ్డి అద్దం బిగించి, మూత తీసి, చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అద్దం నా చేతికిచ్చి చూడమన్నాడు. కెంపురాయి పక్కన, ఇరుసు మొన దగ్గర, ఇటుకపొడిలాంటి ఎర్రటి ధూళి.

"ఓరాయిలింగు ఎప్పుడు చేయించారు?" అన్నాడు.

ఓవర్‌హాలింగుని మనవాళ్ళు అలాగే అంటారు. నిజం చెప్పొద్దూ, అసలు మాటకంటే ఇదే సరిగ్గా అతికింది.

"రోజూ కీ ఇస్తూనే ఉన్నామండీ" అన్నాను, ఏదో గొప్పగా.

"అదే వచ్చిన చిక్కు" అన్నాడాయన.

ఆయన చెప్పింది నాకర్థమైనంత చెబుతాను. మోటారు సైకిలు ఇంజనులో ఆయిలు తిరుగుతూ ఉంటుంది. వాచీలో అలా కాదు. ఒక్కో రాతిగుంటలో సూదిమొనంత చుక్క వేస్తారు, అది అక్కడే అంటుకుని ఉండాలి. ఏళ్ళు గడిచేకొద్దీ చుక్క చిక్కబడుతుంది, పక్కకి పాకుతుంది, చివరికి ఎండుతుంది. మనం కీ ఇచ్చినంతమాత్రాన తడి తిరిగి రాదు. పొడి ఇరుసు పొడి రాతిలో తిరిగితే లోహం అరుగుతుంది. అరిగిన పొడి మిగిలిన జిడ్డులో కలిసి ఉప్పుకాగితం పని చేస్తుంది. అక్కణ్ణించి ప్రతి టిక్కూ గీకుడే. మామయ్య కాలంలోనే చివరి ఇరవయ్యేళ్ళూ వీటికి ఓరాయిలింగు లేదు. ఆపైన పదకొండేళ్ళు అత్తయ్య నడిపింది. ఏడాదికి 15 కోట్ల 76 లక్షల టిక్కుల చొప్పున లెక్క వేసుకోండి. 173 కోట్ల టిక్కులు, పొడి రాతిమీద.

పెట్టెలో పడుకోబెట్టి ఉంటే ఏమయ్యేదండీ అని అడిగాను. నూనె ఎండేది, అంతే. ఎండిన నూనెని కడిగి కొత్తది వేస్తే సరి. అరిగిన ఇరుసుని కడిగితే పెరగదు కదా అన్నాడు.

మిగిలిన ఎనిమిదింటినీ విప్పి చూసేదాకా కీ ఇవ్వొద్దని ఖచ్చితంగా చెప్పి పంపాడు. ఆ మాట అత్తయ్యకి ఎలా చెప్పను? వారంరోజులు ఏవో సాకులు చెప్పి పెట్టె నా దగ్గరే ఉంచుకున్నాను. ఎనిమిదో రోజు ఆవిడే అడిగింది. చెప్పేశాను. చాలాసేపు ఊరుకుని, "అయితే ఇన్నాళ్ళూ నేనే అరగదీశానన్నమాట" అంది. కాదు అత్తయ్యా, మామయ్య కూడా, అన్నాను. ఆ ముక్క ఓదార్పో, ఇంకో దెబ్బో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ రాత్రి ఇంట్లో ఒక్క టిక్కు లేదు. ఆవిడ నిద్రపోలేదని పొద్దున్న కళ్ళు చూస్తే తెలిసింది.

నేను సినిమావాణ్ణి. నాకు తెలిసిన మందు సినిమాయే. 'అపోలో 13' (1995) పెట్టి చూపించాను. టామ్ హాంక్స్‌ది. అసలు సంఘటన 1970 ఏప్రిల్‌లో జరిగింది. చంద్రుడి దారిలో ఆక్సిజన్ ట్యాంకు పేలి, కరెంటు ఆదా చెయ్యడానికి ఓడలో కంప్యూటర్లు ఆపేశారు. తిరుగుదారి సరిచెయ్యడానికి ఒకసారి ఇంజను సరిగ్గా 14 సెకండ్లు మండించాల్సి వచ్చింది. ఆ 14 సెకండ్లు లెక్క చూసింది జాక్ స్వైగర్ట్ చేతికున్న ఒమేగా స్పీడ్‌మాస్టర్. అదీ కీ ఇచ్చే వాచీయే. అంతకుముందు ఏడాది ఆల్డ్రిన్ చంద్రుడి మీద పెట్టుకు తిరిగినదీ ఆ రకమే. స్టాప్‌వాచీ కూడా కలిసిన చేతివాచీల్లో తనంతట తాను చుట్టుకునేవి 1969లోగాని బజారులోకి రాలేదు మరి.

అత్తయ్య అంతా చూసి, "చంద్రమండలం వెళ్ళినా ఎవరో ఒకరు తిప్పాల్సిందేనన్నమాట" అంది. కొంచెం నవ్వింది కూడా.

ఈలోగా డాలస్ నించి వాళ్ళబ్బాయి ఒక అద్దాల పెట్టె పంపాడు. వాచీలు అందులో పెట్టి స్విచ్చి వేస్తే గుండ్రంగా తిరుగుతాయి. ఖరీదు చెప్పలేదు, మేం అడగలేదు. తీరా చూస్తే అది చెయ్యి ఊపితే చుట్టుకునే ఆటోమేటిక్ వాచీలకి! మన వాచీలని అందులో పెడితే రంగులరాట్నం ఎక్కి దిగినట్టే, స్ప్రింగు ఒక్క చుట్టు కూడా బిగవదు. ఇప్పుడు అత్తయ్య ఆ పెట్టెలో మందుసీసాలు పెట్టుకుంటోంది. పదేపదే కీ ఇవ్వడం విసుగనుకునే కోటీశ్వరులకి జర్మనీలో లాంగె కంపెనీవారు 2007లో ఒక వాచీ చేశారు. ఒకసారి తిప్పితే 31 రోజులు నడుస్తుంది. లోపల ఒక్కోటీ 1.85 మీటర్ల పొడవున్న స్ప్రింగులు రెండు. దాన్ని చుట్టడానికి బుడిపె చాలక మళ్ళీ తాళంచెవే ఇచ్చారు. చూశారా, తిరిగి తిరిగి ఎక్కడికొచ్చిందో!

సరే, తొమ్మిదీ ఏం చెయ్యాలి? ఒక్కోదానికి ఓరాయిలింగు వేలల్లో పని. అన్నిటికీ చేయించి, అన్నిటికీ రోజూ కీ ఇస్తే, అయిదారేళ్ళకి మళ్ళీ అన్నిటికీ ఖర్చు. నామటుకు నేను ఖచ్చితంగా చెబుతాను, పోగేసినవాళ్ళు కోపగించుకున్నా సరే. చేతికి పెట్టుకోగలిగినన్నే నడపాలి. మిగతావి పడుకోవాలి. స్ప్రింగు వదులై ఆగి ఉన్న వాచీకి ఏ జబ్బూ చెయ్యదు. తేమ తగలకూడదు, మన బెజవాడ వానలకి పెట్టెలో తేమ పీల్చే పొట్లం ఒకటి పడేస్తే మంచిది. స్పీకరు దగ్గర పెట్టకూడదు. మామయ్య పెట్టె ఎప్పుడూ రేడియో నెత్తిమీదే ఉండేది. రెండు వాచీలకి అయస్కాంతం పట్టి, వెంట్రుకలాంటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, రోజుకి అయిదు నిమిషాలు ముందుకి పరిగెత్తేవి. అత్తయ్యేమో అదంతా ఆయన హడావుడి మనస్తత్వం అనుకునేది! ఆ అయస్కాంతం వదిలించడం మాత్రం నిమిషంలో పని.

ఇంకో మాట. తాతల వాచీ దొరికిందని మీలో ఎవరైనా మూత తీసే ప్రయత్నం చేస్తారేమో. 1960లకి ముందు చీకట్లో వెలిగేలా ముళ్ళకీ అంకెలకీ పూసిన పూతలో చాలావాటికి రేడియం ఉండేది. గోకకండి, ఊదకండి. పనివాడికే ఇవ్వండి. అతను విప్పి చూసేదాకా, ఎంత ముచ్చటేసినా, కీ ఇవ్వకండి.

అత్తయ్య మూడు ఏరుకుంది. వాళ్ళ నాన్న పెట్టిన వెస్టెండ్ ఒకటి. హెచ్.ఎం.టి. ఒకటి, అది మామయ్య చేతికి ఎక్కువ కాలం ఉన్నది కనక. ఒమేగా ఒకటి. మూడింటికీ గవర్నరుపేట పెద్దాయన ఓరాయిలింగు చేసి, వెనక మూత లోపల సూదితో తేదీ గీశాడు. ఇప్పుడు ఆవిడ రోజుకొకదానికి మాత్రమే కీ ఇస్తుంది. పొద్దున్న తువ్వాలు పరుస్తుంది, ఒక వాచీయే ఉంటుంది దానిమీద. చూసేవాళ్ళకి బోసిగానే ఉంటుంది, ఏం చేస్తాం.

ఆగిపోయిన ఆ వాచీకి ఇరుసు దొరకలేదు. అది అలాగే ఉంది.

2023 డిసెంబరులో మనవడు డాలస్ నించి వచ్చాడు. వాడికి పందొమ్మిదేళ్ళు. భోజనాల దగ్గర అత్తయ్య "టైమెంతయిందిరా?" అంది. వాడు జేబులో ఫోను తడుముకున్నాడు, ఛార్జింగు అయిపోయింది. నేను నవ్వాపుకోలేక న్యూమన్ కథ మొత్తం చెప్పాను. అత్తయ్య ఏమీ అనకుండా లేచి లోపలికెళ్ళి, ఆ ఒమేగా తెచ్చి వాడి చేతికి కట్టింది. నేను చెప్పిన 115 కోట్ల ముక్క ఆవిడ విన్నట్టు లేదు.

ప్రతి ఆదివారం వాడు ఫోను చేస్తాడు. మొన్న నేను అక్కడే ఉన్నాను. పరీక్షల హడావుడిలో రెండు రోజులు కీ ఇవ్వడం మరిచిపోయానని, వాచీ ఆగిపోయిందని వాడు నసుగుతున్నాడు.

"ఆగితే ఆగింది గాని నాయనా," అంది అత్తయ్య, "ఈసారి ఓరాయిలింగు ఏ సంవత్సరమో ఎక్కడన్నా రాసిపెట్టుకున్నావా లేదా?"